రాత్రి మూడు గంటలకు ఆ ఫోను ఎవరెత్తాలి?

కడప జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. అందుకే ఈ ఉత్తరం నీటిపారుదల శాఖకో పోలీసు శాఖకో కాకుండా మీకు రాస్తున్నాను. నలుగురూ చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, నేను అడిగే పని మీ ఒక్కరితో అయ్యేది కాదు. పెన్నా ఒడ్డున జమ్మలమడుగులో, ప్రొద్దుటూరులో కాపురముంటున్న మాకూ అందులో పాత్ర ఉంది.

అడిగేది ఒక్కటే. గండికోట, మైలవరం జలాశయాల దగ్గర ఒక రాత్రి అనుకోనిది జరిగిందనుకుని, ఆ రాత్రిని జిల్లా యంత్రాంగం చేత, కింది ఊళ్ల చేత ముందుగానే ఒకసారి గడిపించండి. గడియారం పెట్టి, కాగితం మీద రాసుకుంటూ, ఎక్కడ తడబడ్డామో చూసుకుంటూ.

నవంబరు 19 తెలుగువాళ్లకు రెండుసార్లు చేదు మిగిల్చిన తేదీ. 1977లో ఆ రోజున దివిసీమను ఉప్పెన ముంచింది. పది వేల మందికి పైగా పోయారు. 44 ఏళ్ల తర్వాత, 2021లో, సరిగ్గా అదే తేదీన, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. చెయ్యేటి మీద ఆ ప్రాజెక్టు పెద్దదేమీ కాదు, రెండు టీఎంసీలకు కాస్త పైన. పైన పింఛా ప్రాజెక్టు కట్ట అంతకు ముందే తెగింది. అన్నమయ్యకు ఉన్న ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. అన్నీ లేచినా రెండు లక్షల క్యూసెక్కులకు కాస్త ఎక్కువే వదలగలిగే చోటికి మూడు లక్షలు దాటిన వరద వచ్చి పడింది. అది కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున శివాలయానికి వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి ఇంటికి రాలేదు. నందలూరు వైపు ఆర్టీసీ బస్సులు నీళ్లలో చిక్కుకున్నాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు... ఆ వారమంతా ఈ పేర్లు పేపర్లలో చదివాం. చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 30 మందికి పైమాటే.

తర్వాత జరిగిన చర్చ అంతా గేటు చుట్టూ తిరిగింది. గేటు ఎందుకు బాగుచేయలేదు, తప్పు ఎవరిది, ఏ ప్రభుత్వానిది అని. అడగాల్సిన ప్రశ్నలే. కానీ పింఛా తెగడానికీ అన్నమయ్య తెగడానికీ మధ్య గంటలు గడిచాయి. ఆ గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరి మాట మీద ఊరు కదలాలి, కదిలితే ఏ మిట్టకు పోవాలి అన్నవి కింది ఊళ్లలో ప్రతి ఇంటికీ ముందే తెలిసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న మాత్రం పక్కకు పోయింది. ఇనుప గేటును బాగుచేయడానికి టెండరు పిలవొచ్చు. ఈ రెండో పనికి టెండరు లేదు, అభ్యాసమే దారి.

మన సీమలో దీనికో ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. మా పెద్దలకు తెలిసిన విపత్తు కరువు. నీళ్లు రాలేదని ఏడ్చినవాళ్లే గానీ, నీళ్లొచ్చాయని పరిగెత్తినవాళ్లు తక్కువ. జలాశయం నిండితే జలహారతి ఇస్తాం, పూలు చల్లుతాం, కుటుంబాలతో వెళ్లి ఫొటోలు దిగుతాం. గాలేరు-నగరి కాలువలో కృష్ణా నీళ్లు గండికోటకు చేరి, అక్కడి నుంచి ఎత్తిపోతలతో పులివెందుల వైపు పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎక్కుతుంటే కళ్లు చెమర్చిన రైతులు ఎందరో. అలాంటి ఊళ్లో అర్ధరాత్రి తలుపు కొట్టి, నీళ్లొస్తున్నాయి లెయ్యండి అంటే మొదట నవ్వు వస్తుంది. నమ్మడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. ఆ పదిహేను నిమిషాలే మనకు లేనివి.

పాత కథ ఒకటి గుర్తుచేస్తాను. 1902 సెప్టెంబరులో, ఇప్పటి గండికోట జలాశయానికి దగ్గర్లోనే, మంగపట్నం దగ్గర వాన నీటికి రైలు వంతెన కొట్టుకుపోయి మెయిలు బండి వాగులో పడింది. 70 మందికి పైగా చనిపోయారు. ఎండాకాలంలో ఆ వాగుల్ని చూసినవాళ్లెవరూ ఇది నమ్మరు. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలినప్పుడూ అంతే. ఏడాదంతా ఇసుక కనిపించే ఏరు అలా చేస్తుందని ఎవరనుకుంటారు?

ఇక గండికోట సంగతి. కోట మీద నిలబడి లోయను చూసే పర్యాటకుడికి పెన్నా ఒక అందమైన గీత. మ్యాపు మీద చూస్తే మరో సంగతి తెలుస్తుంది. కోటకు ఎగువన గండికోట ఆనకట్ట, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దిగువన అదే నది మీద మైలవరం. దాన్ని పది టీఎంసీలకు కాస్త తక్కువ లెక్కతో కట్టారు, పూడికతో ఆ లెక్కా తగ్గింది. మైలవరం దిగితే జమ్మలమడుగు, ఆ తర్వాత ప్రొద్దుటూరు. అంటే పెద్ద జలాశయం పైన, చిన్నది కింద, ఆ కింద జనం. గండికోట కట్ట బలహీనంగా ఉందని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఆధారమూ లేదు, అర్హతా లేదు. (విలేకరి మిత్రులకు మనవి: ఈ ఉత్తరానికి ‘గండికోటకు ముప్పు’ అని హెడ్డింగు పెట్టకండి.) పైనుంచి ఎక్కువ నీరు హఠాత్తుగా వదలాల్సి వస్తే కిందిదాని మీద ఏం పడుతుంది, ఎంతసేపట్లో పడుతుంది అన్న లెక్క ఇంజనీర్ల ఫైల్లో మాత్రమే ఉంటే సరిపోదని మాత్రమే అంటున్నాను.

ఇలాంటి అమరిక ఉన్న ఊరొకటి లిబియాలో ఉంది. డెర్నా. మనలాగే వానలు తక్కువ, ఏడాదంతా ఎండిన వాగు. ఆ వాగు మీద రెండు ఆనకట్టలు ఉండేవి, పైది పెద్దది, కిందిది చిన్నది. రెండూ కలిపినా ఒక్క టీఎంసీ నీళ్లు పట్టేవి కావు. 2023 సెప్టెంబరు 10 రాత్రి తుపాను వానకు అవి రెండూ తెగాయి. ఊళ్లో పెద్ద భాగం సముద్రంలోకి పోయింది, వేలమంది చనిపోయారు. ఖాళీ చేయమని కొందరికి, ఇళ్లలోంచి బయటికి రావొద్దని కొందరికి, ఇలా ఒకదానికొకటి పొసగని ఆదేశాలు అందాయని తర్వాత బయటపడింది. యుద్ధంతో చీలిపోయిన దేశం అది, మనకు ఆ కష్టం లేదు. కానీ ఒకే రాత్రి ఒకే ఊరికి రెండు నోళ్ల నుంచి రెండు మాటలు రావడానికి యుద్ధమే అక్కర్లేదు. రెండు వేర్వేరు శాఖలున్నా చాలు.

మనం చేస్తున్న మాక్ డ్రిల్లులు ఈ సమస్యను ముట్టుకోవడం లేదు. ఎలా జరుగుతున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. తేదీ ముందే ప్రకటిస్తారు. ఉదయం పదిన్నరకు చెరువు గట్టున షామియానా వేస్తారు. నీళ్లలో మునుగుతున్నట్టు ఒక కానిస్టేబులు చేతులాడిస్తాడు, నారింజ రంగు పడవ వెళ్లి పట్టుకొస్తుంది, 108 బండి సైరనుతో వస్తుంది, ఫొటోలు, అల్పాహారం. జాతీయ విపత్తు స్పందన దళం జవాన్ల నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఉన్న వాళ్ల పదో బెటాలియను ఎన్ని వరదల్లో ఎంతమందిని కాపాడిందో చూస్తూనే ఉన్నాం. కానీ అక్కడి నుంచి జమ్మలమడుగుకు రావడానికి గంటలు పడుతుంది. మొదటి గంట మనదే.

సురభి నాటకాలు పుట్టిన జిల్లా మనది. 1885లో సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజం వాళ్లు వేదిక మీద అగ్ని వర్షం కురిపించినా, మనిషిని గాలిలో ఎగిరించినా జనం నోరు వెళ్లబెట్టి చూసేవాళ్లంటే కారణం తెర వెనక రిహార్సలు. మాట మర్చిపోవడానికి, తాడు తెగడానికి, తప్పు అడుగు వేయడానికి అనుమతి ఉన్న చోటు అది. మన మాక్ డ్రిల్లులో ఆ భాగమే లేదు, నేరుగా ప్రదర్శనే. తప్పు జరగకుండా చూసుకుంటే నేర్చుకునేది ఏముంటుంది?

మరి ఎలా చేయాలి? మొదటి మెట్టు బల్ల చుట్టూ కూర్చోవడం. అధికారులు దీన్ని టేబుల్ టాప్ కసరత్తు అంటారు. పెద్ద ఖర్చు లేదు. ఒక గది, పెన్నా మ్యాపు, గోడ గడియారం, కొన్ని కవర్లు. బల్ల చుట్టూ జమ్మలమడుగు ఆర్డీఓ, మైలవరం, ప్రొద్దుటూరు తహసీల్దార్లు, రెండు జలాశయాల ఇంజనీర్లు, డీఎస్పీ, విద్యుత్తు, ఆరోగ్య, ఆర్టీసీ అధికారులు. తప్పకుండా కట్టను, గేట్లను కనిపెట్టుకుని ఉండే లస్కరు కూడా ఒకరు. కట్ట మీద ఏది జరిగినా మొదట తెలిసేది అతనికే. జిల్లా సమావేశాల్లో అతనికి కుర్చీ ఉండదు. ఈ ఒక్క గదిలో ఉండాలి.

కసరత్తు నడిపే వ్యక్తి మొదటి కవరు విప్పుతాడు. ‘రాత్రి 2.50. ఎడతెరిపి లేని వాన. ఎగువ నుంచి వరద గంట గంటకూ పెరుగుతోంది. ఒక గేటు మోటారు పనిచేయడం లేదు.’ ఎవరు ఎవరికి చెప్పాలి? చెప్పండి, ఇప్పుడే, ఈ గదిలోనే ఆ నంబరుకు ఫోన్ చేయండి. చాలాసార్లు ఇక్కడే మొదటి పాఠం అందుతుంది, ఆ నంబరు గల అధికారి బదిలీ అయ్యి ఏడాదై ఉంటుంది. రెండో కవరు: ‘జమ్మలమడుగు టవరు పడిపోయింది, సెల్ సిగ్నల్ లేదు.’ మూడో కవరు: ‘తహసీల్దారు సెలవులో ఉన్నారు.’ నాలుగోది: ‘కట్ట తెగిందని వాట్సాప్‌లో పాత వీడియో ఒకటి తిరుగుతోంది. జనం బైకుల మీద వంతెన వైపు పోతున్నారు.’ అయిదో కవరు అన్నిటికంటే కష్టమైనది: ‘గేట్లు ఇంకా ఎత్తితే కింది పొలాలు, కొన్ని ఇళ్లు తప్పక మునుగుతాయి. ఎత్తకపోతే కట్టకు ప్రమాదం కావొచ్చు, కాకపోవచ్చు. నిర్ణయానికి ఇరవై నిమిషాలు.’

ఆ ఇరవై నిమిషాల నిశ్శబ్దంలో ఎవరి ముఖం ఎవరు చూస్తారో గమనించండి. జిల్లా పాలనలో బరువంతా ఎక్కడ పడుతోందో అప్పుడు తెలుస్తుంది. పై అధికారి అనుమతి కోసం ఆగడం మన ఉద్యోగ సంస్కృతిలో రక్తంలో కలిసిపోయింది. మామూలు రోజుల్లో అది మంచిదే, దుర్వినియోగాన్ని ఆపుతుంది. వరద రాత్రి అదే ప్రాణం తీస్తుంది. ఫలానా మట్టం దాటితే ఎవరినీ అడగకుండా ఏఈ గేట్లు ఎత్తొచ్చు, ఎస్సై ఊరు ఖాళీ చేయించొచ్చు అని ముందే రాతపూర్వకంగా ఇచ్చేస్తే, వాళ్ల చేతులకున్న కట్లు విడిపోతాయి. ఎలాంటి ఉత్తర్వు ఇవ్వాలో బల్ల దగ్గర తడబడితేనే తెలుస్తుంది.

దీనికి ఒక షరతు. ఈ కసరత్తులో బయటపడిన తప్పుకు ఎవరికీ మెమో ఇవ్వనని మీరు ముందే ప్రకటించాలి. లేకపోతే అందరూ సిద్ధంగా ఉన్నాం సార్ అని చెప్పి లేచిపోతారు. మోటారు పనిచేయడం లేదని ధైర్యంగా చెప్పిన ఇంజనీరును ఆ రోజు సన్మానించండి. మోటారు సంగతి వేరే ఫైల్లో చూసుకోవచ్చు.

రెండో మెట్టు ఊరు. వరద నీరు ఏ వీధికి ఎంతసేపట్లో, ఎంత ఎత్తున చేరుతుందో కంప్యూటరు మీద లెక్కగట్టి మ్యాపు గీయొచ్చు. కేంద్ర జల సంఘం 2016లోనే ఆనకట్టల అత్యవసర కార్యాచరణ ప్రణాళికలకు మార్గదర్శకాలు ఇచ్చింది, ముంపు మ్యాపులు వాటిలో ముఖ్యమైన భాగం. ఆ మ్యాపు ఎక్కడో సర్వరులో ఉండి మాకేం లాభం? తెలుగులో, పెద్ద అక్షరాలతో, వీధి పేర్లతో ప్రతి గ్రామ, వార్డు సచివాలయం గోడ మీద ఉండాలి. ‘మీరు ఇక్కడున్నారు, నీళ్లు ఇంతసేపట్లో వస్తాయి, ఈ మిట్టకు వెళ్లండి’, ఈ మూడు ముక్కలు చాలు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగు కాలేజీ ఉంది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. సివిల్ ఇంజనీరింగు పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టులంటూ ఎక్కడివో డేటాలు తెచ్చి లెక్కలు కడుతుంటారు. వాళ్ల చేతికి పెన్నాను ఇవ్వండి. జనం భయపడతారన్న వాదన వస్తుంది, దాన్ని వినకండి. గ్యాసు సిలిండరు మీద హెచ్చరిక చదివి వంట మానేసినవాళ్లు ఎవరూ లేరు.

మ్యాపు పెట్టాక ఒక రాత్రి, నిజంగా రాత్రే, ఊరిని లేపండి. ఒక్క ఊరితో మొదలుపెట్టండి. గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు, దండోరా, ఏది ముందు మోగుతుందో, ఏది ఎంత దూరం వినిపిస్తుందో చూడండి. మంచం పట్టిన అవ్వను ఎవరు ఎత్తుకున్నారో రాసుకోండి. పాత ప్రణాళిక కాగితాల్లో ఈ పని గ్రామ, వార్డు వాలంటీరు చేస్తాడని రాసి ఉంటే కొట్టేయండి, 2024 మధ్య నుంచి వాళ్లు విధుల్లో లేరు. ఇంకోటి, మనుషులు బయల్దేరినా ఎనుముల్ని వదిలి రారు. గొర్రెల మందను వదిలి అసలే రారు. గొడ్లు ఎక్కడికి పోవాలో చెప్పని ప్రణాళిక మా పల్లెల్లో పనిచేయదు. ఏసీ గదిలో రాసిన కాగితాల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు.

శిక్షణ ఎవరిస్తారు? బయటి నుంచి రప్పించక్కర్లేదు. గండికోట జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. వాళ్ల పరిహారం సంగతి వేరే ఉత్తరం అవుతుంది, ఇక్కడ ఎత్తను. గడప దాటి వచ్చే నీళ్లలో మొదట ఏది తడుస్తుందో, ఏ కాగితం ముందు తీసుకోవాలో, చీకట్లో పాములు ఎక్కడికి చేరతాయో అనుభవంతో చెప్పగలిగినవాళ్లు ఈ జిల్లాలో వాళ్లే. గౌరవ వేతనం ఇచ్చి శిక్షకులుగా పిలవండి. గండికోటలోనే సాహస క్రీడల శిక్షణ కేంద్రం ఉంది, తాడు పట్టుకుని రాతి గోడ దిగడం, ఎక్కడం నేర్పేవాళ్లున్నారు. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లి జారినవాణ్ణి బయటికి తీసే పనికైనా, వరదలో మిద్దె మీద చిక్కినవాళ్లను దించే పనికైనా వాళ్లే దగ్గరి దిక్కు.

కోట గురించి ఒక మాట. కోట ఎత్తున ఉంది, నీళ్లు దాన్ని ముట్టవు. కానీ కేంద్ర పథకం కింద గండికోట అభివృద్ధికి 77.91 కోట్లు మంజూరయ్యాయి, జనం ఇంకా పెరుగుతారు. లోయ అడుగున నీటి దగ్గర ఉన్న పర్యాటకులకు తెలుగు రాకపోవచ్చు, వాళ్ల పేర్లు ఏ సచివాలయం జాబితాలోనూ ఉండవు. ఉత్సవాల రోజుల్లో జమ్మలమడుగు నుంచి వచ్చే దారి ఎలా కిక్కిరిసిపోతుందో మీరు చూసే ఉంటారు. అంబులెన్సు ఎదురు రావాల్సి వస్తే దారి ఎవరు ఖాళీ చేయిస్తారు? ఆ కోట్లలో కొంచెం ఈ అభ్యాసానికి, సైరన్లకు, నాలుగు భాషల బోర్డులకు కేటాయించమని పర్యాటక శాఖను మీరు అడగాలి.

వరద ఒక్కటే కాదు. కలసపాడు మండలం మామిళ్లపల్లెలో 2021 మే 8న ముగ్గురాయి గని దగ్గర పేలుడు పదార్థాలు పేలి పది మంది చనిపోయారు. తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం ఉంది. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రం ఉన్నాయి. ఒక బల్ల దగ్గర కూర్చోవడం అలవాటైతే కవర్లు మార్చుకుంటూ పోవచ్చు. మొదలు మాత్రం పెన్నాతోనే కావాలి.

ఎప్పుడు? నవంబరు 19న చేద్దామని ఎవరైనా అంటారేమో. వద్దు. అప్పటికి ఈశాన్య రుతుపవనం నెత్తి మీద ఉంటుంది, జలాశయాలు నిండి ఉంటాయి, ఇంజనీర్లకు తీరిక ఉండదు. బదిలీలు ముగిసి కొత్తవాళ్లు కుర్చీల్లో కూర్చున్న వెంటనే బల్ల కసరత్తు, సెప్టెంబరులో ఊరి కసరత్తు పెట్టండి. నవంబరు 19న మాత్రం జిల్లా ప్రజలకు లెక్క చెప్పండి. ఈ ఏటి అభ్యాసంలో ఏమేం తప్పులు బయటపడ్డాయి, వాటిలో ఎన్ని సరిదిద్దారు, ఎన్ని మిగిలాయి అన్నది ఒక్క పేజీలో. పులపత్తూరుకు అంతకంటే మంచి నివాళి నాకు తోచడం లేదు.

చట్టం కూడా మీ పక్షాన ఉంది. అన్నమయ్య కట్ట తెగిన రెండు వారాలకే, 2021 డిసెంబరు 2న, రాజ్యసభ ఆనకట్టల భద్రత బిల్లును ఆమోదించింది. ఆ చర్చలో మన ప్రాజెక్టు పేరూ వినిపించింది. డిసెంబరు 30 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటికే నీళ్లు నిలిపిన పెద్ద ఆనకట్టలన్నిటికీ అయిదేళ్లలోగా అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలని అందులో ఉంది. అంటే గడువు 2026 డిసెంబరు 30. గండికోట, మైలవరం ప్రణాళికలు కాగితం మీద పూర్తయ్యాయని సంతకం పెట్టే ముందు వాటిని ఒక్కసారి రాత్రి మూడు గంటలకు నడిపి చూడండి. నడవకపోతే సంతకం పెట్టకండి.

మొదటి బల్ల కసరత్తు తేదీ ప్రకటించండి. పరిశీలకులుగా ఊరి నుంచి ఇద్దరికి కుర్చీలు వేయించండి. ఊరి కసరత్తుకు మాత్రం తేదీ చెప్పకండి, మైకు మోగితే మేమే లేచి వస్తాం.

ఇట్లు,
జమ్మలమడుగులో, పెన్నా ఒడ్డున ఉండే ఒక పౌరుడు